సరమ మొర

చింతపల్లి మండలంలోని లంబసింగికి కొర్రబయలు అని మరొక పేరుంది. శీతకాలపు రాత్రి ఆరుబయట నిలిచినవాడు కర్రలా బిగుసుకుపోతాడని దాని భావం. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామానికి పొగమంచు చూడడానికి మైదానాల నుండి జనం తండోపతండాలుగా వస్తారు. చలిమంటల దగ్గరకు చేరే కుక్కలను కొందరు అదలిస్తారు. కొందరు బిస్కెట్లు విసురుతారు. ముద్దులొలికే కూనను కారులో ఎక్కించుకొని పోవాలని అనిపించేవారూ ఉండవచ్చు. ఈ చివరి కోరికను కొంత నిదానించి పరిశీలించాలి.

గిరిజన గూడేలలో కుక్కకు గొప్ప జాతి పేరు లేదు, మెడలో పట్టీ లేదు. పని మాత్రం ఉంది. అడవిపందులు పైరు మీద పడకుండా అది రాత్రివేళ కాపలా కాస్తుంది. మేకల మంద వెంట నడుస్తుంది. దిక్కులేనిదిగా కనిపించిన కూనకు ఆ గూడెంలోనే ఇల్లు ఉండవచ్చు, తల్లి పక్క పొదలోనే ఉండవచ్చు. 8 వారాలైనా నిండకముందే తల్లి నుండి వేరైన కూనకు, ఆటలో పళ్ళు ఎంతవరకు ఆనించాలో తోబుట్టువుల వద్ద నేర్చుకొనే అవకాశం పోతుంది. అడగకుండా ఎత్తుకొనిపోవడాన్ని దయ అనడం కష్టం.

నిజంగా ఇల్లు కోసం ఎదురుచూసే మూగజీవులు ఆశ్రయాలలో ఉన్నాయి. విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ 1996లో ప్రాణిసంరక్షణ సంస్థను స్థాపించారు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో బ్లూ క్రాస్‌ను నెలకొల్పారు. గాయపడినవి, యజమానులు వదిలివేసినవి ఇటువంటి చోట్లకు చేరుతుంటాయి. అయినను కలవారు వేలు పోసి, సైబీరియా మంచుకు తగిన దట్టమైన బొచ్చుగల హస్కీని కొని, ఉక్కపోసే తీరనగరంలో కట్టివేస్తారు. ముచ్చట తీరిన తరువాత దాని గతి ఏమిటి? ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు ఆ చట్టం నిర్ణయించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు! మెడపట్టీ ఖరీదు అంతకంటె ఎక్కువ.

నన్నయ ఆదిపర్వంలో దేవలోకపు కుక్క సరమ జనమేజయుని ఎదుటికి వచ్చి, యజ్ఞభూమిలో ఆడుకొంటున్న తన బిడ్డను రాజు తమ్ములు నిష్కారణంగా కొట్టారని నిలదీసింది. చక్రవర్తి ఆ మాటలను కుక్క మాటలని తోసివేయలేదు. కలతచెంది, శాంతి చేయించగల పురోహితుని వెదకుతూ బయలుదేరాడు. తిక్కన తెనిగించిన చివరి పర్వాలలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. కుక్క మొర భారతారంభంలోనే వినిపించడం, దాని అంతంలో కుక్కయే తోడుగా మిగలడం యాదృచ్ఛికమని అనుకోవడానికి మనసొప్పదు.

కుక్కకాటుకు బిడ్డను పోగొట్టుకొన్నవారి ముందు ఈ కథలు చెల్లుతాయా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం నిలవడం అత్యంత అరుదు. కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి టీకాకు పరుగెత్తవలసిందే. అయితే ఒక ప్రాంతంలోని కుక్కలలో 70 శాతానికి టీకాలు వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కుక్కలను చంపడానికి బదులు శస్త్రచికిత్సతో సంతానాన్ని నియంత్రించి, టీకాలు వేయాలని 2001 నాటి నియమాలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన నియమాలు నిర్దేశించాయి. టీకా వేయించి ఇంటికి తెచ్చుకొన్న ప్రతి కుక్కా ఆ లెక్కకు ఒకటి కలుపుతుంది.

కుక్క ఆయుర్దాయం 10 నుండి 15 సంవత్సరాలు. ఇంటర్ మొదటి సంవత్సరంలో తెచ్చిన కూన, ఆ విద్యార్థి డిగ్రీ ముగించి ఉద్యోగానికి ఊరు విడిచేనాటికి నడివయసులో ఉంటుంది. అప్పుడు దానికి అన్నం పెట్టేదెవరో, ఆశ్రయంలో సంతకం చేయకముందే ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. తరచుగా ఆ పని తల్లి మీద పడుతుంది గనుక ముందు ఆమెనే అడగాలి.