‘ముసలితనమే’ అని సరిపెట్టుకోకండి

ఎనభై దాటిన మనిషి వాకిట్లోంచి వంటింటి దాకా నడిచి, గోడ పట్టుకుని నిలబడిపోతే మన ఇళ్లలో అనే మాట ఒకటే: ‘‘గింత వయసొచ్చినంక దమ్ము రాదా?’’ ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో సరిపెట్టుకున్నన్నాళ్లూ లోపల గుండె చెడిపోతూనే ఉంటుంది. వయసు మీద పడితే నడక నెమ్మదిస్తుంది, నిజమే. పోయిన నెల నడిచిన దూరం ఈ నెల నడవలేకపోతే మాత్రం వయసు మీదికి నెట్టకండి. అది జబ్బు కావచ్చు. దాన్ని కనిపెట్టే పరీక్షలున్నాయి. దయచేసి ఆలస్యం చేయకండి.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో పెద్దవాళ్లను ఇంటి దగ్గర వదిలి హైదరాబాద్‌లోనో ఖమ్మంలోనో బతుకుతున్న పిల్లలారా, ఈ మాట ముందుగా మీకే. రైల్వేలో పనిచేసి రిటైరైన నాన్న, మిరప చేలల్లో నడుం వంచి బతికిన అమ్మ బాధ చెప్పుకునే రకం కాదు. ఫోన్ చేస్తే ‘‘మంచిగనే ఉన్న బిడ్డా’’ అంటారు. ఆ మాట విని ఊరుకోకండి. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీ కళ్లతో చూడండి.

రాత్రి ఎన్ని తలగడలు వేసుకుని పడుకుంటున్నారో చూడండి. ఒకటి కాస్తా మూడైతే ప్రమాదం. అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటున్నారేమో అడగండి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోందా? మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగారా? లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా? ఎందుకు పడ్డారో తెలియకుండా పడిపోయారా? ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నారా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టర్‌కు చూపించండి.

ఈ వయసులో గుండెపోటు చాలాసార్లు సినిమాల్లోలా ఛాతీ పట్టుకుని కుప్పకూలేలా రాదు. చాలామందికి ఛాతీ నొప్పే ఉండదు. ఆయాసం, చెమటలు, వాంతి, విపరీతమైన నీరసం, కడుపులో మంట, ఇంతే. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి మరీ తక్కువ. గ్యాస్ అనుకుని గోలీ మింగించి పడుకోబెడతాం. తెల్లారేసరికి చేయి దాటిపోతుంది. అనుమానం వస్తే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లడానికి రాబోయే రైలు కోసం చూడకండి.

మనం మంచే అనుకుని చేసే పనులు కొన్ని ఇంకా ప్రమాదం. నీరసంగా ఉన్నారని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాం. గుండె బలహీనపడి ఉంటే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని ముంచేస్తుంది. మోకాళ్ల నొప్పులకు రోజూ ఇచ్చే నొప్పి గోలీలు ఒంట్లో నీరు, ఉప్పు నిలవేసి గుండెనూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. వాట్సాప్‌లో చదివి నాలుక కింద సార్బిట్రేట్ పెడతాం. బీపీ తక్కువగా ఉన్నా, గుండె కవాటం బాగా సన్నబడి ఉన్నా ఆ గోలీతో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఏ జబ్బూ లేని పెద్దలకు ‘ముందుజాగ్రత్త’ అంటూ రోజూ ఆస్పిరిన్ ఇస్తాం. డెబ్బై దాటిన, గుండె జబ్బు లేని 19 వేల మందికి పైగా పాల్గొన్న ఆస్‌ప్రీ అధ్యయనం 2018లో తేల్చింది ఏమిటంటే, దానివల్ల గుండెకు లాభం లేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. అయితే డాక్టర్ రాసిచ్చిన ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు మానిపించకండి. స్టెంట్ ఉన్నవాళ్లలో చాలామందికి అది అవసరం. ఊళ్లోని ఆర్ఎంపీ తమ్ముళ్లకూ ఇదే మనవి. ఎనభై దాటిన మనిషి ఆయాసంతో వస్తే సెలైన్ పెట్టకండి, ఆసుపత్రికి పంపండి.

మరి ఎవరి గుండెకు ఎంత ముప్పుందో తెలిసేదెలా? బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగే అలవాటు కలిపి వేసే లెక్కలున్నాయి. అమెరికా డాక్టర్లు 2013 నుంచి వాడిన లెక్క 40 నుంచి 79 ఏళ్ల వారికే వర్తిస్తుంది. ఎనభై దాటితే ఆ లెక్కలో చోటే లేదు. ఉన్నా వయసే మొత్తం మార్కులు తినేస్తుంది, అందరికీ ముప్పు ఎక్కువనే వస్తుంది. ఒకాయన ఎనభై అయిదేళ్లకూ సైకిల్ తొక్కుతాడు. ఆయన ఈడువాడే ఇంకొకాయన మంచం దిగలేడు. ఈ ఇద్దరి గుండెల్లో తేడా తెలియాలంటే గుండెను చూడాల్సిందే.

చూడటానికి మొదటి మెట్టు టూడీ ఎకో. గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే. సూది లేదు, రేడియేషన్ లేదు, అరగంటలో అయిపోతుంది. ఎంత వయసు వారికైనా చేయవచ్చు. గుండె ఎంత బలంగా రక్తాన్ని నెడుతోందో చెబుతుంది. రిపోర్టులో ఈఎఫ్ అని ఉండే అంకె అదే. 40 కంటే తగ్గితే గుండె బలహీనపడినట్టు. ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన గుండెపోటు గుర్తు కూడా, గుండె గోడలో ఒక భాగం సరిగా కదలకపోవడంగా, కనిపించవచ్చు.

ఒక హెచ్చరిక. ఈఎఫ్ 60 ఉందని సంతోషపడి ఇంటికి వచ్చేయకండి. పెద్దవాళ్లలో, ముఖ్యంగా బీపీ ఉన్న ఆడవాళ్లలో, గుండె బాగానే ముడుచుకుంటుంది కానీ సరిగా వదులు కాదు. ఈఎఫ్ మామూలుగానే ఉన్నా ఆయాసం తగ్గదు. గోడలు మందంగా ఉన్నాయని రిపోర్టులో రాస్తే ఎందుకని అడగండి. బీపీ వల్ల కావచ్చు. అమిలాయిడ్ అనే ప్రొటీన్ గుండెలో పేరుకోవడం వల్లా కావచ్చు. దాన్ని తేల్చే స్కాన్ వేరే ఉంది.

ఎకో చూపించే వాటిలో మనం అసలు వదిలేయకూడనిది అయోర్టిక్ కవాటం సన్నబడటం. వయసుతో సున్నం పేరుకుని ఈ తలుపు సరిగా తెరుచుకోదు. దాని వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కంటే తగ్గితే తీవ్రమైన జబ్బు. ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం మొదలయ్యాక కాలం చాలా తక్కువ. దీనికి గోలీల్లేవు. 2010లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనంలో ఆపరేషన్ తట్టుకోలేని, సగటున 83 ఏళ్ల రోగుల్లో మామూలు చికిత్సతో ఏడాదిలో సగం మంది చనిపోయారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి కొత్త కవాటం అమర్చిన వారిలో దాదాపు 31 శాతమే. ఫ్రాన్స్‌లో డాక్టర్ అలెన్ క్రిబియే 2002లో తొలిసారి చేసిన ఈ చికిత్స ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతోంది. ఖరీదైనదే. అందరికీ సరిపడదు కూడా. కానీ జబ్బుందని తెలియకపోతే ఆ ఆలోచనకే తావుండదు.

ఎకోతో పాటు ఈసీజీ తీయించండి. దానికంటే ముందు మణికట్టు పట్టుకుని నాడి చూడండి. లయ తప్పి, అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంటే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్లవచ్చు. పక్షవాతాల్లో కొన్నింటికి మూలం ఇదే. మందులతో ఆపగలిగిన పక్షవాతం ఇది.

పట్టించుకోకపోవడం ఒక ప్రమాదమైతే, ఇంకో ప్రమాదమూ ఉంది. భయపడి అవసరం లేని పరీక్షల వెంట పరుగెత్తడం. సీటీ స్కాన్‌లో ‘గుండె రక్తనాళాల్లో సున్నం ఉంది’ అని వచ్చిందని ఇల్లంతా గగ్గోలు పెడతారు. ఎనభై దాటినవాళ్లలో ఆ సున్నం నెరిసిన జుట్టు లాంటిది. చాలామందికి ఉంటుంది. సున్నా వస్తే మాత్రం అది చాలా మంచి కబురు, ముప్పు తక్కువని అర్థం. రక్తనాళం సన్నబడింది అన్నంత మాత్రాన స్టెంట్ వేయాలనీ కాదు. 75 దాటి, నాళం పూర్తిగా మూసుకుపోని రకం గుండెపోటు వచ్చిన 1,518 మందిపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2024లో వెలువడింది. మందులతో పాటు యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంట్ వేసినవారికీ మందులతోనే నెట్టుకొచ్చినవారికీ గుండె మరణాలు, తిరిగి గుండెపోట్లు కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు. స్టెంట్ దారిలో మళ్లీ గుండెపోటు రావడం మాత్రం కొంత తగ్గింది. నాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చే గుండెపోటు సంగతి వేరు. అక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క.

అందుకే ఏ పెద్ద పరీక్షకైనా ఒప్పుకునే ముందు డాక్టర్‌ను మర్యాదగా మూడు మాటలు అడగండి. ఈ పరీక్షలో ఏం తేలితే చికిత్స మారుతుంది? పరీక్షలో ఎక్కించే రంగు మందును కిడ్నీలు తట్టుకుంటాయా? మా అమ్మ నడక, తిండి, మతిమరుపు చూశాక ఇది ఆమెకు మేలేనా? బక్కచిక్కిన పెద్దల్లో కండ తక్కువ కాబట్టి రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది, కిడ్నీ మాత్రం సగమే పనిచేస్తుండవచ్చు. వయసు కలిపి లెక్కేసిన కిడ్నీ పనితీరు, అంటే ఈజీఎఫ్ఆర్, ఎంతో అడగండి. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి. ఇంకో మాట. ఈ మూడు ప్రశ్నలూ పెద్దాయన ఎదుటే అడగండి. ఆయన గుండె గురించి ఆయన కోరిక ఏమిటో కూడా వినండి.

పాత ఈసీజీలు, ఎకో రిపోర్టులు పారేయకండి. ఒక ఫైల్‌లో పెట్టి తలగడ దగ్గరే ఉంచండి. వాడే గోలీల చీటీ అందులోనే పెట్టండి. పాత రిపోర్టుతో కొత్తది పోల్చినప్పుడే డాక్టర్‌కు మార్పు తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు. ఏ చికిత్స అందులోకి వస్తుందో ముందే తెలుసుకోండి.

అధికారులకూ ఒక విన్నపం. 2016లో వరంగల్ నుంచి విడిపోయి మహబూబాబాద్ జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రంలో ఇప్పుడు వైద్య కళాశాల ఉంది. ఎకో కోసం ఎనభై ఏళ్ల మనిషి ఖమ్మం, వరంగల్ తిరగాల్సిన అవసరం రాకూడదు. నెలకు ఒక రోజు ఎకో మెషిన్, దాన్ని చదివే డాక్టర్ డోర్నకల్‌కే రావాలి. పింఛను ఇచ్చే రోజే నాడి, బీపీ, కాళ్ల వాపు చూసేలా ఆశా కార్యకర్తలకు బాధ్యత అప్పగించండి.

ఇంట్లో ఎనభై దాటిన పెద్దలున్న ప్రతి ఒక్కరికీ చివరి మాట. వాళ్లకు వచ్చే ఆయాసానికి వయసని పేరు పెట్టే ముందు ఒక్కసారి ఎకో తీయించండి. ఈ వారంలోనే తీయించండి.