పిరోగోకు ఓవెన్ కావాలి

జిప్సీలని బయటివాళ్లు పిలిచే యూరప్ రోమా కుటుంబాలు పండగలకూ విందులకూ చేసుకునే తీపి వంటకాల్లో పిరోగో ఒకటి. కేకు అని పిలుస్తున్నా ఇందులో జారుపిండి ఉండదు. వెడల్పాటి గుడ్డు నూడుల్స్‌ను ఉడికించి వార్చి, గిలక్కొట్టిన గుడ్లు, పంచదార, కరిగించిన వెన్న, మన పనీర్ కంటే మెత్తగా, తడిగా ఉండే పాలవిరుగుడు అందులో కలుపుతారు. కిస్మిస్, చిదిపిన అక్రోటు పప్పు ధారాళంగా పడాలి. వెన్న రాసిన పళ్లెంలో సర్ది ఓవెన్‌లో 180 డిగ్రీల వేడి మీద గంటసేపు ఉంచితే పైకి తేలిన నూడుల్స్ కొసలు ఎర్రబడి కరకరలాడతాయి, లోపలంతా మెత్తగా గట్టిపడుతుంది. వేడి మీద కోస్తే చెదిరిపోతుంది కాబట్టి ఆరనిచ్చి ముక్కలు చేస్తారు. ఈ వంట రోమాల గురించి మనకున్న ఒక గట్టి నమ్మకాన్ని కాదంటోందని నా వాదన.

రోమాలు అనగానే మన కళ్లముందు గుర్రబ్బండి, గుడారం, చలిమంట మెదులుతాయి. ఒపేరాలూ సినిమాలూ ఆ బొమ్మను పెంచి పోషించాయి. నిప్పుల మీద కాల్చుకునే రొట్టె ఆ బొమ్మలో ఇముడుతుంది, పిరోగో ఇమడదు. గంటసేపు నిలకడైన వేడినిచ్చే ఓవెన్, అందుబాటులో పాడి, కోళ్లు, కోతల కాలంలో దాచుకున్న అక్రోట్లు... ఇవన్నీ ఉండాలంటే ముందు ఇల్లుండాలి. చరిత్ర చెప్పేదీ అదే. 1893లో హంగరీ ప్రభుత్వం రోమాలను ప్రత్యేకంగా లెక్కించినప్పుడు పదిమందిలో తొమ్మిది మంది దాకా అప్పటికే ఊళ్లలో స్థిరపడి ఉన్నారు. చాలావరకు నేటి రొమేనియాలో ఉన్న వలాకియా, మోల్దావియాల్లో పద్నాలుగో శతాబ్దం నుంచి 1850ల దాకా రోమాలు బానిసలు. మఠాలకూ జమీందార్లకూ ఆస్తిగా రాసిచ్చిన ఆ కుటుంబాలకు యజమానిని వదిలి వెళ్లే హక్కే లేదు. గుర్రాల బేరాలు చేసే లోవారీలు, రాగిపని చేసే కల్దెరారీలు ఊళ్లు తిరిగిన మాట నిజమే. ఆ కొందరి బతుకును అందరి స్వభావంగా రాసేయడమే అన్యాయం.

అసలిది రోమాల వంటే కాదు, యూదుల నూడుల్స్ వంటకం కూగెల్‌కు నకలు అనేవాళ్లున్నారు. పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాదనను. హంగరీ వాళ్లూ నూడుల్స్‌లో పాలవిరుగుడు, కిస్మిస్ కలిపి కాలుస్తారు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తేల్చే పని నేను పెట్టుకోను. అరువే అనుకుందాం. దారిన పోతూ ఒక పూట ఆగిన మనిషికి ఇలాంటి వంట పట్టుబడదు. పక్కింటి గోడకు ఆనుకుని తరాల తరబడి బతికి, ఒకే సంతలో సరుకులు కొన్నవాళ్లకు పడుతుంది. కాబట్టి ఆ ఆక్షేపణ నా మాటకే బలం చేకూరుస్తుంది.

పైగా వంట ఎవరిదన్నది సరుకుల జాబితాతో తేలదు. సంప్రదాయం గట్టిగా పాటించే రోమా ఇళ్లలో శుచి అశుచుల నియమాలు చాలా నిశితం. గిన్నెలు తోమే తొట్టిలో బట్టలు ఉతకరు, నడుము పైన కట్టే బట్టలనూ కింద కట్టే బట్టలనూ కలిపి నానబెట్టరు, బయటివాళ్లు వండింది తినడానికి సందేహిస్తారు. మడి, మైల ఎరిగిన తెలుగువాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అయితే తేడా పెద్దది. మన దగ్గర మడి పై మెట్టు మీదివాళ్ల చేతిలో కింది వాళ్లను దూరం పెట్టే ఆయుధమైంది. అక్కడ చుట్టూ ఉన్న సమాజం మురికివాళ్లని ముద్ర వేసిన జనం తమ గౌరవాన్ని తామే కాపాడుకోవడానికి ఆ నియమాలను పట్టుకున్నారు. పిరోగో పళ్లెం అతిథి ముందు పెట్టడంలో ఆ శుభ్రత, ఆ మర్యాద ఉన్నాయి. దాన్ని రోమాల వంట చేసేది అదే.

ఇక మన సంగతి. రోమాల భాష భారతీయ మూలాలున్నదని యూరప్ పండితులు 1780లలోనే గుర్తించారు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వెళ్లారు. 2016లో ఢిల్లీలో జరిగిన రోమా సదస్సులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ వాళ్లను భారతదేశపు బిడ్డలన్నారు. మన లంబాడీలతో చుట్టరికం కలిపి మురిసేవాళ్లూ ఉన్నారు. ఆ ఆప్యాయతను నేను తప్పుపట్టను. కానీ రోమాలు పరాయివాళ్లు, వాళ్లను పంపించేయాలి అని యూరప్‌లో అరిచేవాళ్లకు ‘వీళ్లు మావాళ్లు’ అన్న మన మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. సంచారులన్న ముద్ర ఎంత చేటు చేస్తుందో మనకు వేరే చెప్పాలా? నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురంలో కట్టిపడేసిన చరిత్ర మనదే.

భారతీయ మూలాన్ని రోమాలే కోరుకున్నారు కదా, 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభ ఆమోదించిన జెండా మీద చక్రం ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. హిట్లర్ పాలనలో లక్షల మందిని పోగొట్టుకున్న జాతికి తన వెనక ఒక ప్రాచీన నాగరికత ఉందని చాటుకోవడం అవసరం, అది వాళ్ల హక్కు. మూలం ఒకచోట, ఇల్లు మరోచోట ఉండటంలో వైరుధ్యమేమీ లేదు. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలను ‘మీ దేశానికి పొండి’ అంటే మనకు ఎలా ఉంటుంది?

అందుకే భారత్ నిజంగా బంధువు పాత్ర పోషించదలిస్తే, మూలాల గురించి మరో సదస్సు కంటే ముందు చేయాల్సిన పని ఉంది. చెక్ దేశంలోని ఒస్ట్రావాలో రోమా పిల్లలను బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల బడుల్లో పడేయడం వివక్షేనని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2007లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు బడిగదిలో ఎంతవరకు అమలైందని ప్రేగ్‌తో, బ్రసెల్స్‌తో మాట్లాడేటప్పుడు మన రాయబారులు అడగాలి. ఆ పిల్లలు చెక్ పౌరులని, ఆ బడి వాళ్లదేనని చెబుతూ అడగాలి.