నడవడి కాదు, అందని వైద్యం

హెచ్‌ఐవి ప్రస్తావన రాగానే మన సమాజం మొదట అడిగేది రోగి నడవడి గురించే. ఆ ప్రశ్నను అమెరికాలో లెక్కలతో పరీక్షించిన ఒక పరిశోధకుని కృషి మన పాఠకులకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అమెరికా జనాభాలో నల్లజాతీయులు సుమారు 13 శాతం. 2021లో అక్కడ కొత్తగా హెచ్‌ఐవి నిర్ధారణ అయినవారిలో మాత్రం వారు దాదాపు 40 శాతం. ఇంత వ్యత్యాసం చూడగానే ‘వారి జీవన విధానమే అలాంటిది’ అనుకోవడం సులభం. చాలాకాలం చాలామంది అలాగే అనుకున్నారు, వైద్యులతో సహా.

గ్రెగోరియో మిల్లెట్ ఆ ఊహను పరిశోధనకు పెట్టారు. పురుషులతో లైంగిక సంబంధాలు గల పురుషులపై వెలువడిన అధ్యయనాలను ఆయన తన సహచరులతో కలిసి క్రోడీకరించారు. 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైన విశ్లేషణలో ఒక్క అమెరికాకు చెందిన అధ్యయనాలే 174. అందులో తేలినది ఆలోచింపజేసేది. నల్లజాతి పురుషులలో మాదకద్రవ్యాల వాడకం ఇతరుల కంటే తక్కువ. నివారణ జాగ్రత్తలు పాటించడం ఎక్కువ. అయినప్పటికీ, గణాంకశాస్త్రంలో ఆడ్స్ అనే కొలత ప్రకారం, వారికి హెచ్‌ఐవి ఉండే అవకాశం మూడు రెట్లు!

కారణం చికిత్స దగ్గర కనిపించింది. వ్యాధి సోకిన నల్లజాతీయులలో ఆరోగ్య బీమా ఉన్నవారు తక్కువ, మందులు మొదలుపెట్టినవారు తక్కువ, వైరస్ అదుపులో ఉన్నవారూ తక్కువే. మందులతో వైరస్ పూర్తిగా అదుపులో ఉన్న వ్యక్తి నుండి లైంగికంగా వ్యాధి సోకదు. చికిత్స అందనివారు ఎక్కువగా ఉన్నచోట, అందరిలాగే జాగ్రత్తపడే మనిషికి కూడా ముప్పు ఎక్కువే. రెండు ఊళ్లవారూ కాలువ నీటిని ఒకే శ్రద్ధతో కాచి తాగుతున్నారనుకోండి. ఒక కాలువలో కలరా క్రిములు ఎక్కువగా ఉంటే, ఒక్కపూట కాచడం మరచినందుకు జబ్బుపడేది ఆ ఊరివారే.

టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, మిసిసిపి వంటి దక్షిణ రాష్ట్రాలు పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్‌ను నేటికీ పూర్తిగా విస్తరించలేదు. దేశంలో కొత్త కేసులలో దాదాపు సగం దక్షిణాదివే. టెక్సాస్‌లోనూ జార్జియాలోనూ మనవారు ఎందరో ఉన్నారు. ఉద్యోగంతో వచ్చే బీమా నీడన ఉన్నవారికి ఈ గోడ కనబడకపోవచ్చు.

‘వారికి వైద్యులంటే నమ్మకం లేదు’ అన్న మాట కూడా వింటాం. అలబామాలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా వ్యాధి గమనాన్ని చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పింది 1997లో. అపనమ్మకాన్ని రోగి దోషంగా రాసుకునే ముందు ఈ తేదీలు చూడాలని నా అభిప్రాయం.

హెచ్‌ఐవి సోకకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మాత్రకు అమెరికాలో 2012లోనే అనుమతి లభించింది. అది అవసరమున్న శ్వేతజాతీయులలో ఎక్కువమందికి చేరింది. నల్లజాతీయులలో చేరినది కొద్దిమందికే. నీతిబోధల కరపత్రాలు మాత్రం వారికి ఎన్నడూ కొరత కాలేదు.