ఎక్స్‌రే లాంటిదే అంటే నమ్మొద్దు

"ఎక్స్‌రే తీయించుకోవట్లేదా? యురేనియం కూడా అంతే" అని ఎవరైనా గూడేనికొచ్చి చెప్తే ఒక్కటే అడగండి: కిరణమా, దుమ్మా?

ఎక్స్‌రేలో కిరణం ఒంటిమీద పడుతుంది. మోతాదు ఎక్కువైతే అదీ హానే. కానీ మిషన్ ఆపితే ఆగిపోతుంది, మన వెంట ఇంటికి రాదు, పక్కనోళ్లకి అంటదు. కాలుష్యం అలా కాదు. రేడియోధార్మిక పదార్థమే దుమ్ములో, నీళ్లలో కలిసి ఒంట్లోకి పోతుంది. లోపలే ఉండి కిరణాలు వదులుతుంది. దానికి స్విచ్ లేదు. రేడియం ఎముకల్లో చేరుతుంది, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు.

జార్ఖండ్‌లోని జాదుగూడలో 1967 నుంచి యురేనియం తవ్వారు. సంతాల్, హో ఊళ్ల పక్కనే వ్యర్థాల చెరువులు. యురేనియం తీసేశాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే మిగులుతుంది.

నల్లమలలో జనం ఎదురు తిరిగితే 2019లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలొద్దని తీర్మానించింది. ఖనిజం మాత్రం భూమిలోనే ఉంది. మళ్లీ రావొచ్చు. అప్పుడు గ్రామసభలో అడగండి: "ఆ బురద ఎక్కడ పోస్తారు? మా వాగు నీళ్లు ఎవరు పరీక్షిస్తారు?" జవాబు కాగితం మీద రాసివ్వందే వేలిముద్ర వేయొద్దు.

జై ఆదివాసీ!