రిపోర్టు వచ్చేదాకా రోగి ఆగడు

రేడియాలజీ పోస్టింగ్ అంటే సెలవు పోస్టింగ్ అన్న అభిప్రాయం మన మెడికల్ కాలేజీల్లో బాగా పాతుకుపోయింది. పొద్దున అటెండెన్స్ వేయించుకుని, లైబ్రరీకి వెళ్లి పీజీ ఎంట్రన్సుకు చదువుకోమని సీనియర్లు జూనియర్లకు చెప్పడం మామూలే. ఇప్పుడు ఆ అలసత్వానికి ఒక సిద్ధాంతం కూడా తోడైంది. ఫిల్ము చదవడానికి రేడియాలజిస్టు ఉన్నారు, దగ్గర లేకపోతే టెలిరేడియాలజీ ఉంది, రేపు ఆ పని కృత్రిమ మేధ చూసుకుంటుంది, ఎంబీబీఎస్ డాక్టరు రిపోర్టు అడుగున ఉన్న రెండు వాక్యాలు చదువుకుంటే చాలునట. ఈ వాదన తప్పు. అండమాన్ లాంటి చోట ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

దీవుల రాజధాని పట్టణంలోని డిగ్నాబాద్‌లో ఉండేవారికి జబ్బు చేస్తే అదే పట్టణంలో జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది. 2015లో మొదలైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థకు బోధనాసుపత్రి అదే. మిగతా దీవుల సంగతి వేరు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే ఇక్కడికి 500 కిలోమీటర్ల పైచిలుకు. చెన్నై 1,300 కిలోమీటర్ల పైచిలుకు సముద్రానికి అవతల. రోగిని దీవి నుంచి దీవికి తేవాలంటే ఓడ, లేదంటే హెలికాప్టర్. గాలివాన పడితే రెండూ ఆగిపోతాయి. హెలికాప్టర్ అడగాలా, తెల్లారేదాకా ఇక్కడే ఉంచవచ్చా అని తేల్చుకోవాల్సింది డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు. చాలాసార్లు ఆ డాక్టరుకు ఆధారం ఒక్క ఎక్స్‌రే.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి చేపలవేట మీద బతుకుతున్న కుటుంబాలు వారిలో ఎన్నో. పడవలో జారిపడి పక్కటెముక విరిగిన మనిషికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా లేదా అన్నది రిపోర్టు వచ్చేలోగానే తెలియాలి. ఆ గాలి ఒత్తిడి పెరిగి గుండెను పక్కకు నెట్టేస్తుంటే ఎక్స్‌రే కోసం కూడా ఆగకూడదు, వెంటనే సూది గుచ్చి గాలి తీయాలి. ఫిల్ము ఎప్పుడు అక్కర్లేదో తెలియడం కూడా ఈ చదువులో భాగమే.

2020 ఆగస్టులో చెన్నై నుంచి దీవులకు సముద్రగర్భ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది, పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. ఇక బొమ్మలు క్షణాల్లో పంపవచ్చంటారు. పంపాలి కూడా. అయితే కేబుల్ మోసుకెళ్లేది ఇక్కడ తీసిన బొమ్మనే. ఏది తీయాలో, ఎలా తీయాలో చెప్పాల్సింది ఇక్కడి డాక్టరే.

జీర్ణాశయంలో పుండు చిల్లుపడిన రోగినే తీసుకోండి. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే, బయటికి తప్పించుకున్న గాలి డయాఫ్రం కింద సన్నని నల్లటి నెలవంకగా కనిపిస్తుంది. నొప్పితో నిలబడలేడు కదా అని వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే గాలి పొట్ట ముందు వైపుకు పరుచుకుని ఆ గుర్తు కనబడకుండా పోతుంది. నిలబడలేనివాణ్ని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి తీయించవచ్చు. రిక్వెస్ట్ ఫారం మీద హౌస్ సర్జన్ ఆ ఒక్క ముక్క రాయకపోతే, చెన్నైలో ఎంత గొప్ప రేడియాలజిస్టు కూర్చున్నా ఆ ఫిల్ములో లేనిదాన్ని చూడలేరు. ఫారంలో 'కడుపునొప్పి' అని మాత్రం రాసి పంపేవాళ్లు రిపోర్టును నిందించే అర్హత పోగొట్టుకున్నట్టే.

పక్షవాతమూ అంతే. తొలి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు సీటీ తీసేది ముఖ్యంగా మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. రిపోర్టులో 'నార్మల్' అన్న మాట చూసి ఊరట పడే డాక్టరు ఆ నాలుగున్నర గంటలనూ వృథా చేస్తాడు. ఇంకొకటి, ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే పొట్ట సీటీకి రేడియేషన్ వందల రెట్లు ఎక్కువ. అడిగిందల్లా రాసిచ్చే డాక్టరుకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

కృత్రిమ మేధ వాదం ఈనాటిది కాదు. రేడియాలజిస్టులను తయారుచేయడం ఇప్పుడే ఆపేయాలని కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లోనే అన్నారు. ఆ తర్వాత, తాను మరీ విస్తృతంగా మాట్లాడానని ఆయనే ఒప్పుకున్నారు. యంత్రం పనికిరాదని నేననను. క్షయ వడపోతలో ఛాతీ ఎక్స్‌రేలు చదివే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. అది 15 ఏళ్లు, ఆపైన వయసున్నవారికే. పసిపిల్ల ఎక్స్‌రేకు వర్తించదు. యంత్రం మాట ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తేల్చడానికైనా ఫిల్ము తెలిసిన డాక్టరు కావాలి.

అల్ట్రాసౌండ్ దగ్గర చట్టాన్ని అడ్డం చూపుతారు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కట్టుదిట్టంగా ఉండాల్సిందే. కానీ ప్రమాదంలో గాయపడినవాడి కడుపులో చేరిన రక్తం తెరమీద నల్లగా ఎలా కనిపిస్తుందో, రేడియాలజిస్టు పరీక్ష చేస్తుండగా పక్కన నిలబడి నేర్చుకోవడాన్ని ఆ చట్టం ఆపదు.

అరకొర జ్ఞానం ప్రమాదం కదా అని ఇంకో అభ్యంతరం. అసలేమీ తెలియకపోవడం అంతకంటే ప్రమాదం. విద్యార్థిని అర రేడియాలజిస్టును చేయమని ఎవరూ అడగడం లేదు. ప్రాణం తీసే పది పదిహేను గుర్తులు తప్పకుండా పట్టుకోవాలి, మిగతావాటికి నిపుణుణ్ని అడగాలి. సందర్భానికి తగిన పరీక్షను తక్కువ ఖర్చులో ఎంచుకోవడం నేర్పాలని 2019 నుంచి అమల్లో ఉన్న పాఠ్యప్రణాళికే చెబుతోంది. కానీ అందులో రేడియాలజీ పోస్టింగ్‌కు కేటాయించింది రెండు వారాలు. ఫైనల్లో విడి పేపరు లేదు. పరీక్షలో బరువు లేనిదాన్ని విద్యార్థి చదవడు. తప్పు విద్యార్థిది కాదు, ఏర్పాటుది.

ఆ రెండు వారాలను పెంచకపోయినా చేయగలిగింది చాలా ఉంది. మెడిసిన్, సర్జరీ, ఆర్థో, పిల్లల వార్డు, ఏ పోస్టింగ్‌లో ఉన్నా రోజూ ఒక ఫిల్మును రిపోర్టు చూడకముందే విద్యార్థి చదివి, కనిపించింది కేస్ షీటులో కాకుండా తన పుస్తకంలో రాసుకోవాలి. మర్నాడు రిపోర్టుతో పోల్చి చూసుకోవాలి. పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు సరిచూడటంతో మొదలుపెట్టాలి. రిక్వెస్ట్ ఫారాలు విద్యార్థే రాసి టీచరుతో దిద్దించుకోవాలి. ఒక పూట టెక్నీషియన్ పక్కన నిలబడి రోగిని ఎలా నిలబెడతారో చూడాలి. ఇందుకు కొత్త మిషన్లు అక్కర్లేదు. రేడియాలజిస్టులు తక్కువైతే వార్డులో సర్జన్, ఫిజీషియన్ నేర్పవచ్చు.

డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో రేడియాలజీ బోధించి, 1980లలో హైదరాబాద్ తిరిగొచ్చి నిమ్స్ ఆసుపత్రికి డైరెక్టరుగా పనిచేశారు. ఒక పెద్ద ఆసుపత్రినే నడిపిన రేడియాలజిస్టును చూసిన తెలుగు వైద్యలోకం, ఆ శాస్త్రాన్ని విద్యార్థికి సెలవు పోస్టింగ్‌గా మిగల్చడం అన్యాయం.

అండమాన్ సంస్థ అధ్యాపకులకూ, మన రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల వారికీ నా విన్నపం ఇదే. ఫైనల్ ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థి ముందు రిపోర్టు లేని అయిదు ఫిల్ములు పెట్టండి. పగిలిన పేగునూ కుంగిన ఊపిరితిత్తినీ గుర్తుపట్టలేనివాళ్లను పాస్ చేయకండి.