రాయిని పగులగొట్టకుండా లోపల చూచుట



విశాఖపట్నం వెళ్ళి వచ్చినవారికి ఎక్స్‌రే అనగానే పెద్దాసుపత్రి, విరిగిన చెయ్యి, తగ్గని దగ్గు గుర్తుకు వస్తాయి. అయితే ఆ ఊరిలో మనుష్యులకే గాక ఇనుముకు కూడా ఎక్స్‌రే తీస్తారు. మన పల్లెలనుండి వెళ్ళి గాజువాక చుట్టుప్రక్కల కాపురముంటూ, ఉక్కు కర్మాగారంలోనో ఓడలు కట్టే చోటనో వెల్డింగు పని చేసుకొనే బిడ్డలను అడిగి చూడండి. రెండు రేకులను అతికిన తరువాత అతుకు పైకి ఎంత నున్నగా ఉన్నా, లోపల గాలిబుడగ ఉన్నదో సన్నని పగులు ఉన్నదో కంటికి తెలియదు. కోసి చూద్దామంటే అతుకే పోతుంది. అందుచేత ఎక్స్‌రేలను గాని గామా కిరణాలను గాని దాని గుండా పంపి, ఆవలివైపున ఫిల్ముమీద పడిన నీడను చదువుతారు. ఆ ఫిల్ము ఎవరి మొగమూ చూడదు. చేసినవాడు ఎంత పేరున్న పనివాడైనా, పగులు ఉంటే పగులునే చూపిస్తుంది.

ఇదే పనిముట్టుతో పూర్వకాలపు జీవుల గుర్తులను, అనగా శిలాజాలను, చదివే పనిని గూర్చి ఈ నెల చెప్పదలచాము. కారణమున్నది. మన బిడ్డలు కాలేజీలో జీవపరిణామ పాఠం చదువుతారు. ఆదివారం బడిలో ఆదికాండము చదివారు. ఇంటికి వచ్చి, "నాన్నా, ఏది నిజం?" అని అడుగుతారు. చాలా ఇళ్ళలో, "అటువంటి మాటలు మాట్లాడకు" అని నోరు మూయించేస్తున్నాము. నోరు మూయించినంత మాత్రాన బిడ్డ ఆలోచించడం మానడు. మనలను అడగడం మానుతాడు. ఆ తరువాత ఎవరిని అడుగుతాడో, వారేమి చెప్పుతారో మన చేతిలో ఉండదు.

జర్మనీ దేశపు రాంట్‌జెన్ ఈ కిరణాలను 1895 నవంబరులో కనుగొన్నారు. మరుసటి సంవత్సరమే కొందరు శిలాజాలకు ఎక్స్‌రే తీసి చూశారు. అంతవరకు రాతిలోని ఎముకను చూడాలంటే ఉలి, సుత్తి, సూది తప్ప వేరే దారి లేదు. చెయ్యి జారితే కోట్ల ఏళ్ళు నిలిచినది ఒక్క దెబ్బతో పోయేది. అయినా మామూలు ఎక్స్‌రేకు ఒక లోటున్నది. ముందున్న ఎముక, వెనుకనున్న ఎముక ఒకదానిమీద ఒకటి పడి ఒకే నీడగా కనిపిస్తాయి.

ఈ లోటును తీర్చింది సీటీ స్కాన్. 1971లో ఇంగ్లాండులో మొదటిసారి ఒక రోగి తలను దానితో చూశారు. దానికి దారి వేసిన హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్ అనువారికి 1979లో నోబెల్ బహుమానం వచ్చింది. వస్తువును అన్ని వైపులనుండి కొద్దికొద్దిగా త్రిప్పుతూ వందల ఎక్స్‌రేలు తీస్తారు. కంప్యూటరు వాటన్నిటినీ లెక్కగట్టి, అరటిదవ్వను చక్రాలుగా తరిగినట్లు లోపలి పొరలను ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఆ చక్రాలను మరల పేర్చితే వస్తువు యొక్క పూర్తి ఆకారం వస్తుంది. కత్తి ముట్టదు, రాయి పగలదు. 1984లో అమెరికా శాస్త్రజ్ఞులు రాయి నిండిపోయిన ఒక పూర్వజంతువు పుర్రెను ఈ విధముగా చూడగలిగారు. ఇప్పుడు మిల్లీమీటరులో వెయ్యోవంతు వరకు చూపించే స్కానర్లున్నవి. ఇంతకంటె బలమైన ఎక్స్‌రే కావాలంటే, ఎలక్ట్రానులను ఇంచుమించు వెలుగు వేగంతో పెద్ద వలయంలో త్రిప్పి పుట్టిస్తారు. అట్టి యంత్రాన్ని సింక్రోట్రాన్ అంటారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఉన్న వలయం చుట్టుకొలత 844 మీటర్లు. మన దేశంలో ఇండోరులో ఇండస్-2 అనేది ఉన్నది.

మరి ఇటువంటి కిరణాలతో చూడదగిన రాళ్ళు మన ప్రాంతంలో ఉన్నవా? విశాఖ కొండలలో వెదికి లాభం లేదు. అవి ఖొండలైటు కొండలు. భూమి లోతున వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయిన రాయి అది. శిలాజాలు కావాలంటే గోదావరి వైపు, తెలంగాణ వైపు వెళ్ళాలి. రాజమండ్రి దగ్గర కాతేరులో లావా పొరల నడుమ చిక్కిన సున్నపురాతిలో గవ్వలున్నవి. అప్పటి ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లిలో కోటాసారస్ అను రాక్షసబల్లి ఎముకలు వందలకొద్దీ దొరికాయి. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు.

వీటన్నిటిలో చిన్నది వికారాబాదు దగ్గరి నస్కల్ గ్రామంలో దొరికింది. అక్కడి మట్టిని జల్లెడలో కడిగితే ఒకటి రెండు మిల్లీమీటర్ల పళ్ళు బయటపడ్డాయి. బియ్యపు గింజ వాటి ప్రక్కన పెద్దది. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అను శాస్త్రజ్ఞులు 1988లో వాటిని లోకానికి చూపించారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రిందట, రాక్షసబల్లుల కాలంలోనే, పిల్లలకు పాలిచ్చే చిన్న జంతువులు మన దేశంలో ఉండేవని తెలిసింది. చీలమండ ఎముకలను చూచి, అది చెట్లెక్కే జంతువని 1994లో చెప్పారు. ఇంత చిన్న పంటికి సూది మొనే ప్రమాదం. పంటి వేరు ఎట్లున్నదో, పైపూత ఎంత మందమో కోయకుండా తెలిసికొనుటకు సన్నని సీటీ స్కానే తగిన సాధనం.

ఈ జంతువు పేరు డెక్కనోలెస్టెస్ హిస్లొపి. ఆ హిస్లొప్ ఎవరనుకున్నారు? స్కాట్లాండు ఫ్రీ చర్చి మిషనరీ, రెవరెండ్ స్టీఫెన్ హిస్లొప్. 1844లో మన దేశానికి వచ్చి, నాగపూరులో బడి నడుపుచు, సువార్త చెప్పుచు, తీరిన వేళల్లో రాళ్ళు ఏరుకొన్నారు. రాజమండ్రి దగ్గర దొరికిన శిలాజ గవ్వలను 1860లో అచ్చయిన వ్యాసంలో ఆయన వర్ణించారు. 1863లో పొంగిన వాగు దాటుతూ మునిగి చనిపోయారు. బోధకుని చేతిలో బైబిలు, సంచిలో శిలాజం ఉండటం ఆయనకు తప్పుగా తోచలేదు. మనకెందుకు తోచాలి?

ఇక పరిణామాన్ని గూర్చి. లండనులో ఉన్న ఆర్కియోప్టెరిక్స్ శిలాజానికి పక్షివలె ఈకలు, బల్లివలె పళ్ళు, ఎముకల తోక ఉన్నవి. ఇది ఎగిరేదా అని నూరేళ్ళకు పైగా వాదించుకొన్నారు. 2004లో దాని పుర్రె ముక్కను సీటీ స్కానులో పెట్టి, మెదడు పట్టిన గూటినీ చెవిలోని వంకర గొట్టాలనూ చూశారు. చూపుకూ తూకం నిలుపుకొనుటకూ సంబంధించిన భాగాలు పక్షులలోవలె పెరిగి ఉన్నవి. మన దేశంలో చిత్రకూటం రాళ్ళనుండి తీసిన 160 కోట్ల ఏళ్ళ నాటి నాచువంటి మొక్కలను 2017లో సింక్రోట్రాన్ కిరణాలతో చూచి, వాటి కణాలలోపలి అమరికను కూడా బయటపెట్టారు. జీవులు కాలక్రమాన మారుతూ వచ్చినవనుటకు ఇటువంటి సాక్ష్యం ఏటేటా పెరుగుచున్నదేగాని తరుగుట లేదు. ఇది మేము దాచిపెట్టి ప్రయోజనం లేదు.

అయితే అదే ఎక్స్‌రే శాస్త్రం పేరిట జరిగిన మోసాన్ని కూడా పట్టి ఇచ్చింది. 1999లో అమెరికాలో ఒక పేరుపొందిన పత్రిక, సగం పక్షి సగం రాక్షసబల్లి అయిన జంతువు చైనాలో దొరికిందని గొప్పగా అచ్చువేసింది. అచ్చుకు ముందే టెక్సాసులో దానికి సీటీ స్కాన్ తీశారు. వేరువేరు శిలాజాల ముక్కలను జిగురుతో కలిపినట్లు అందులో కనబడింది. ఆ హెచ్చరికను లక్ష్యపెట్టలేదు. తోకకు జతయైన రెండవ పలక చైనాలో దొరికిన తరువాత గుట్టు బయటపడింది. తప్పును దిద్దినవారు కూడా శాస్త్రజ్ఞులే. తోక మాత్రం మైక్రోరాప్టర్ అను నిజమైన కొత్త జంతువుదే.

మనవైపు కూడా చూచుకొందాము. 2002లో కంప్యూటరుపై బొమ్మలు మార్చే పోటీకై ఎవరో తయారుచేసిన రాక్షస మానవుని అస్థిపంజరం ఫోటో ఒకటి దేశమంతా తిరిగింది. ఒకచోట ఘటోత్కచుడన్నారు, మరొకచోట ఆదికాండములోని నెఫీలులన్నారు. నిజానికది ఏనుగు జాతి జంతువు ఎముకల త్రవ్వకం ఫోటోపై అతికించిన బొమ్మ. మన నమ్మికకు సాయపడుతుంది గదా అని అబద్ధాన్ని పంచితే, అది దొంగత్రాసే. దానిని గూర్చి సామెతల గ్రంథం ఏమి చెప్పుచున్నదో మనకు తెలుసు. పౌలు చెప్పిన మాటనే బెరయవారు పరిశీలించి చూశారు. అందుకు లేఖనం వారిని మెచ్చుకొన్నదేగాని గద్దించలేదు.

ఎక్స్‌రే చెప్పలేనివి కూడా ఉన్నవి. అది ఆకారం చూపుతుంది, వయస్సు చెప్పదు. వయస్సును అగ్నిపర్వతపు రాతిలోని ఖనిజాలను కొలిచి వేరుగా తెలిసికొంటారు. జీవం ఎందుకున్నది, పొరుగువానిని ఎందుకు ప్రేమించాలి అనునవి ఏ ఫిల్ములోనూ పడవు. డార్విన్ స్నేహితుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే ప్రెస్బిటేరియన్ విశ్వాసి. పరిణామాన్ని అమెరికాలో సమర్థించినవారిలో ముఖ్యుడు. ఆయన రెండింటిలో దేనినీ విడువలేదు. మన సంఘాలలో అందరి అభిప్రాయం ఒక్కటి కాదని మేమెరుగుదుము. అభిప్రాయం ఏదైనా, సాక్ష్యాన్ని వంకర చేయకుండుట అందరి బాధ్యత.

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ అడిగినప్పుడు కసురుకొనకండి. తెలిసినది చెప్పండి, తెలియనిది "కలిసి చదువుదాము" అనండి. బావి త్రవ్వుతున్నప్పుడో క్వారీలోనో రాతిలో గవ్వ, ఎముక, ఆకు గుర్తు కనబడితే సుత్తి ఎత్తకండి. దొరికిన చోటు, లోతు వ్రాసి ఉంచండి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగర్భశాస్త్ర శాఖకు గాని, హైదరాబాదులోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి గాని తెలియజేయండి. నస్కల్ మట్టిని ఎవరైనా కంకరతో కలిపి రోడ్డుమీద పోసి ఉంటే, ఆ పళ్ళ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.