మేస్త్రీ నుంచి పోర్టల్ దాకా: కన్సల్టెన్సీల భవితవ్యమేమిటి?

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి... తెలంగాణ పల్లెల వలస బతుకును ఈ మూడు మాటల్లో చెప్పుకోవడం పరిపాటి. వీటిలో మొదటిది రెండవదానికి ద్వారమయింది. ఆ ద్వారం వద్ద కూర్చున్నవే ఉద్యోగాల కన్సల్టెన్సీలు. సాంకేతిక మార్పుల నడుమ వాటి భవిష్యత్తు ఏమిటన్నది సరిహద్దు గ్రామాల కుటుంబాలకు అప్పుతో, అన్నంతో ముడిపడిన ప్రశ్న.

ముంబయిలోని కామాటిపురకు ఆ పేరు తెచ్చినది తెలుగు నేల నుంచి వలస వెళ్లిన కామాటీ కూలీలే. నాడు పని చూపినవాడు మేస్త్రీ. అతని మాటే ఒప్పందం. గల్ఫ్ వలసలు ఊపందుకున్నాక ఆ స్థానంలోకి ఏజెంటు వచ్చాడు. వీసా కోసం ఎదురుచూసేవారికి తెలుగు చాళ్లలోని బంధువుల గదులు మజిలీలయ్యాయి. మేస్త్రీ అయినా, ఏజెంటు అయినా సొమ్ము చేసుకున్నది ఒక్కదానినే: కూలీకి తెలియని సమాచారాన్ని.

ఆ గుత్తాధిపత్యానికి సాంకేతికత గండి కొట్టింది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఏజెంటుకు లైసెన్సు తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వం 2014-15లో అమలులోకి తెచ్చిన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ లైసెన్సు నిజమైనదో కాదో ఎవరైనా చూడవచ్చును. సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించరాదన్న నిబంధన కూడా ఉంది.

అయితే యంత్రం అన్ని మోసాలనూ ఆపజాలదు. పదవ తరగతి ఉత్తీర్ణులకు వలస అనుమతి అవసరం లేదు. కనుక వారి ఒప్పందం పోర్టల్ పరిశీలనకు రాకుండానే వారు విమానమెక్కే వీలుంది. విజిట్ వీసాపై పంపేవారు తొక్కేదీ అడ్డదారే. పైగా కృత్రిమ మేధతో నకిలీ నియామక పత్రం నిమిషాలలో తయారవుతోంది. వాట్సాప్‌లో వచ్చిన కాగితం అందంగా ఉన్నదని నమ్మితే, భూమి కుదువపెట్టి తెచ్చిన అప్పే మిగులుతుంది.

కన్సల్టెన్సీలు పూర్తిగా అంతరించవు. సమాచారం దాచి బతికేవాటికి మాత్రం రోజులు దగ్గరపడ్డాయి. ఒప్పందాన్ని చదివి వినిపించి, పరాయి దేశంలో కష్టం వస్తే బాధ్యత వహించేవాటికే మనుగడ ఉంటుంది.

ఈ మార్పు ఫలితం అందాలంటే కుటుంబాలు కూడా మారాలి. పైకం కట్టకముందే లైసెన్సు నంబరు, జీతం రాసిన ఒప్పందం, వీసా రకం పరిశీలించాలి. బడికి వెళ్లే బిడ్డ ఫోనులో పోర్టల్ తెరిచి చదివి చెప్పగలదు. మేస్త్రీ మాటను నమ్మక తప్పని తాతలకు ఈ అవకాశం లేదు. మనుమలకు ఉన్నది, వాడుకోవడమే మిగిలింది.